పాత్రశుద్ధి: తెలుఁగు క్రైస్తవసంఘములును గులభేదమును

పాణినీయమున రెండవ యధ్యాయము నాల్గవ పాదమున ద్వంద్వసమాసమునకు ఏకవద్భావమును విధించు సూత్రములు వరుసగాఁ గలవు. అందుఁ బదియవది శూద్రజాతివాచకములకు సంబంధించినది. 'అనిరవసితు'లైన శూద్రులను జెప్పు పదములు ద్వంద్వముగాఁ గూడినచో నా సమాస మేకవచనాంత మగునని దాని తాత్పర్యము. వడ్రంగిని గమ్మరిని గలిపి చెప్పునపుడు 'తక్షాయస్కారమ్' అని యేకవచనము. చాకలిని సాలెవానిని గలిపి చెప్పునపుడు 'రజకతంతువాయమ్' అని యేకవచనము. చండాలులను మృతపులను గలిపి చెప్పునపుడు మాత్రము 'చండాలమృతపాః' అని బహువచనమే. వ్యాకరణము చదువుకొన్నవారికిది క్రొత్తవిషయము గాదు. నేనును బదునెనిమిదవ యేఁట దీనిని వల్లించితిని. ఇరువదియేండ్లకుఁ బైగాఁ బాఠము చెప్పితిని. ఒక్కనాఁడును దీనియొద్ద నాఁగలేదు.

కొన్నియేండ్ల క్రిందట మదనపల్లెలో మా యింటికి వచ్చి సిద్ధాంతకౌముది చదువుచుండిన యొక విద్యార్థి నన్నిచ్చట నాఁపెను. ఆతఁడు క్రైస్తవుఁడు. ఆతని తాత మాలపల్లెనుండి మిషనుబడికిఁ బోయి నాలుగక్షరములు నేర్చినవాఁడు. నేను సూత్రార్థము చెప్పి ముందునకుఁ బోవుచుండఁగా నాతఁడు పుస్తకమునుండి తల యెత్తి, "అయ్యవారూ, మేము ఏ వచనములోఁ జేరుదుము?" అని యడిగెను. భాష్యకారునినాఁటి లోకము వేఱు, నేఁటి లోకము వేఱు అని యేదో చెప్పి దాఁటించితిని. అది సమాధానము గాదని యాతనికిఁ దెలిసినది, నాకును దెలిసినది. ఈ వ్యాసమును వ్రాయుటకు నదియే కారణము.

'నిరవసితుఁ'డనఁగా వెడలఁగొట్టఁబడినవాఁడు. దేనినుండి? మహాభాష్యమునఁ బతంజలి యీ ప్రశ్నమును దానే వేసికొని యొక్కొక్క పక్షమును బరీక్షించును. ఆర్యావర్తమునుండి యందమా, దానికి వెలుపలివారైన శకయవనులను 'శకయవనమ్' అని యేకవచనమునఁ జెప్పుట కలదు, కావున నది పొసఁగదు. ఆర్యుల నివాసములనుండి యందమా, గ్రామనగరములలోఁ జండాలాదులును వసించుచునే యున్నారు, అపుడు వారికిని నేకవచనము రావలసివచ్చును. యజ్ఞకర్మమునుండి యందమా, వడ్రంగికిఁ గమ్మరికి యజ్ఞాధికారము లేదు, వారి సమాసము చెడును. తుదకు సిద్ధాంతము: పాత్రమునుండి. ఎవ్వరు భుజించిన పాత్రము సంస్కరించినచో శుద్ధమగునో వా రనిరవసితులు. ఎవ్వరు భుజించిన పాత్రము సంస్కరించినను శుద్ధము కాదో వారు నిరవసితులు.

దేశము, ఊరు, యజ్ఞము అన్నియు దాఁటి భాష్యకారుని విచారము ఒక గిన్నెయొద్ద నిలిచినది. ఇది ధర్మశాస్త్రవిధి గాదు. శబ్దప్రయోగమునకు హేతువు వెదకుచు లోకమునఁ గనుఁగొన్నదానిని గనుఁగొన్నట్లు చెప్పిన మాట. విధించు నుద్దేశము లేనివాని సాక్ష్యమగుటచేతనే దీనికి విలువ హెచ్చు. రెండువేల యేండ్లకుఁ బూర్వము ఈ దేశమున మనుష్యుని మనుష్యునినుండి వేఱుచేసిన గీఁత యెచ్చట నుండెనో యిది తెలుపుచున్నది.

పాత్రశబ్దము 'పా' ధాతువునుండి పుట్టినది. దేనిచేఁ ద్రాగుదుమో యది పాత్రము. యోగ్యుఁడు అను నర్థమును దానినుండి వచ్చినదే. నీటిని నిలుపుకొనునది గిన్నె, దానమును విద్యను నిలుపుకొనఁగలవాఁడు పాత్రుఁడు. 'దయకుఁ బాత్రుఁడు', 'అపాత్రదానము' అను ప్రయోగములు తెలుఁగున నందఱు నెఱిఁగినవే. తెలుఁగు బైబిలు చదివినవారికి మఱియొక ప్రయోగము గుర్తుండును. రోమకసైన్యమున శతాధిపతియైన యొక పరజాతీయుఁడు తన సేవకుని రోగమును మాన్పుమని యేసును వేఁడుకొనుచు, ఆయన తన యింట నడుగిడుటకుఁ దాను దగనని చెప్పునపుడు భాషాంతరీకర్తలు వాడిన పదము 'పాత్రుఁడు' అనునదియే. యూదులు పరజాతివారి యిండ్లలోనికిఁ బోవుట యాచారవిరుద్ధమని యెంచిన కాలమది. ఇంటిగడప, గిన్నె, అర్హత యనునవి మూఁడును ఆ పదమున నొక్కచోఁ గూడినవి. వా రెఱిఁగి వాడిరో లేదో కాని తెలుఁగు చెవికది తగులును.

నిజమునకుఁ గ్రైస్తవమతమునఁ దొలినాఁటి పెద్దవివాదములలో నొకటి సహపంక్తిభోజనమును గూర్చినదే. అంతియొకయలోఁ బేతురు యూదేతరులతోఁ గలసి భుజించుచుండెను. యెరూషలేమునుండి కొందఱు రాఁగానే వెనుదీసి వేఱుపడెను. పౌలు దానిని నలుగురియెదుట నాక్షేపించెను. ఆ కథను గలతీయులకు వ్రాసిన లేఖలోఁ బౌలే చెప్పి, కొంచె మావలఁ దన సిద్ధాంతమును వెల్లడించెను. బాప్తిస్మము పొందినవారిలో యూదుఁడని గ్రీకువాఁడని, దాసుఁడని స్వతంత్రుఁడని, పురుషుఁడని స్త్రీయని భేదము లేదని దాని సారము. వారందఱు 'ఏకముగా' నున్నారని తెలుఁగు. గ్రీకుమూలమున నా పదము నపుంసకము గాదు, పుంలింగైకవచనము. అనఁగా నందఱును గలసి యొక వస్తువని కాదు, ఒక వ్యక్తి యని. మన సమాహారద్వంద్వమో నపుంసకైకవచనము, అందు వడ్రంగియుఁ గమ్మరియు నొక గుంపుగాఁ జేరుదురు. వైయాకరణున కీ భేదము రుచించును. కాని నా దృష్టి దానిపై లేదు. పౌలు చెప్పిన యేకత్వమునకు సంఘమున నేర్పడిన గుఱుతు ప్రభురాత్రిభోజనము: అందఱును ద్రుంచుకొను నొక రొట్టె, అందఱును ద్రాగు నొక గిన్నె. పతంజలియొద్దను బౌలునొద్దను లక్షణము పాత్రమే. అచ్చట నది వేఱుచేయును, ఇచ్చట నది కలుపవలెను. ఈ రెండు పాత్రములు తెలుఁగుదేశమున నెదురుపడినపుడేమి జరిగినదో చూతము.

అట్లెదురుపడిన తొలిచోట్లలో మా పుంగనూ రొకటి. పదునెనిమిదవ శతాబ్ద్యారంభమునఁ గర్ణాటకమిషను అనుపేర ఫ్రెంచి జెసూటు పాదిరులు ఆ యూరఁ బనిచేసిరి. మధురలో 1606 మొదలు రాబర్ట్ డి నొబిలి త్రొక్కిన త్రోవను బట్టి వీరు కాషాయము కట్టి, మాంసము మాని, సన్న్యాసులవలె జీవించిరి. దానిచే నగ్రవర్ణములవారికి దాపైరి. కాని యా యాశ్రమము నిలువవలెనన్నచో నంటరానివారని యెంచఁబడినవారి గుడిసెలోఁ గాలిడరాదు. చావుబ్రదుకులలోనున్న పఱయవానికి సంస్కార మీయవలెనన్నను రోగినే బయటికి మోసికొని రావలసియుండెను. 1704లోఁ బుదుచ్చేరికి వచ్చియుండిన పోపు ప్రతినిధి టూర్నోను దీనిని దప్పుపట్టి యాజ్ఞ వెలువరించెను. వాదము నలువదియేండ్లు సాగెను. 1744లోఁ బదునాల్గవ బెనెడిక్టు పోపు, రోగుల యిండ్లకుఁ బోవలసినదేయని శాసించెను. జెసూటులు కనుఁగొన్న యుపాయ మేమనఁగా నట్టి కులములకుఁ బ్రత్యేకముగా వేఱు పాదిరులను నియమించుట. ఆజ్ఞ చెల్లినది, గిన్నెలు రెండుగానే యుండినవి. ఆ పాదిరులను నిందించుట నేఁడు సులభము. భాషనేర్చి, ఎండకోర్చి, ఈ సీమలోనే మరణించినవారు వారిలోఁ బెక్కురు. అయినను వారి తపస్సు ఒక గడపయొద్ద నాఁగిపోయిన దనుట సత్యము.

ప్రొటెస్టంటు మిషనులవారు మొదటఁ గొంతకాలము చూచిచూడనట్లుండి, పిమ్మటఁ గఠినులైరి. 1833లోఁ గలకత్తా బిషప్పు డేనియల్ విల్సను, సంఘములలోఁ గులభేదమును వెంటనే విడువవలెనని యుత్తరువు చేసెను. గుడిలో వేఱువేఱుగాఁ గూర్చుండుటయు, ప్రభుభోజనమును వేఱువేఱుగాఁ బుచ్చుకొనుటయుఁ గూడదనెను. తంజావూరు సీమలో ననేకులు దానికి లొంగక తొలఁగిపోయిరి. 1850లో మదరాసునఁ గూడిన మిషనరీల సభ, కులమును విడిచినట్లు రుజువు చూపనివారిని సంఘమునఁ జేర్చుకొనరాదని తీర్మానించెను. ఆ రుజువెట్టిది? నోటిమాట చాలదు, వ్రాఁత చాలదు, ఇతరకులజులైన క్రైస్తవులతోఁ గలసి భుజింపవలెను. లైప్సిగు లూథరనులు మాత్రము ఇంత నిర్బంధము కూడదనిరి. మతగ్రంథములందలి సిద్ధాంతములను బరీక్షింపక పంక్తిని బరీక్షించుట చూడఁగా, ఆ సభవారు మహాభాష్యమును జదువకయే భాష్యకారుని నిర్ణయమునకు వచ్చిరనవలెను. కులము పాత్రమున నున్నదని వారికిని దెలిసినది.

మదనపల్లెకు వచ్చిన మిషను ఈ కఠినపక్షమునకుఁ జెందినది. అమెరికాలోని రిఫార్మ్‌డ్ సంఘమువారి పక్షమున స్కడ్డరు సోదరులు 1853లో నార్కాటు మిషనును స్థాపించిరి. సంఘమునఁ జేరువారు కులమును ద్యజింపవలెనని వారి నియమము. వారిలో జేకబ్ చేంబర్లేను 1863లో మదనపల్లెకు వచ్చి, వైద్యము చేయుచు, తెలుఁగు నేర్చి, బైబిలు సవరణసంఘమునకుఁ బెక్కేండ్లధ్యక్షుఁడై, 1908లో నిచ్చటనే కన్నుమూసెను. ఆయన యూరను, ఆయన యధ్యక్షతను జూచిన బైబిలు పదములు నేఁటికిని మా వీథులలో వినఁబడుచుండును గనుక వానిలో రెంటిని గూర్చి చెప్పుట యప్రస్తుతము గాదు.

ఇశ్రాయేలీయుల పండ్రెండు శాఖలకును దెలుఁగున 'గోత్రము' అను పదము పెట్టిరి. పాణినీయమున గోత్రమనఁగాఁ బౌత్రుఁడు మొదలగు సంతతి. లోకమున వివాహమునకు విడువవలసిన వంశము. ఏ కులమువారైనను బుక్కపట్టి గోత్రమడిగెడి దేశమున, గోత్రము చెప్పుకొనఁజాలక బడిలోను గుడిలోను దలవంచినవారి బిడ్డలు ఆదివారమున యూదాగోత్రమును గూర్చి విందురు. ఆ పదము వారిలో నేమి కదల్చునో యూహింపఁదగినది. రెండవది 'అన్యజనులు'. మూలమున నది యూదులు కానివారందఱును. ఆ లెక్కను నేనును, నా విద్యార్థియు, ఆతనికి బాప్తిస్మమిచ్చిన బోధకుఁడును, చేంబర్లేనును నన్యజనులమే. వాడుకలోనో క్రైస్తవులు కానివారికే యది పరిమితమైనది. తమ్ము లోపలికిఁ బిలిచిన పదమునే యితరులకు వెలిగోడగాఁ గట్టుకొనుట పదముల చరిత్రలో నపూర్వము గాదు.

ఇఁక నుత్తరమునకుఁ బోదము. ఒంగోలునఁ గులప్రశ్న మింకొక రూపమునఁ దలయెత్తినది. అమెరికను బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ 1866లో నచ్చటికి వచ్చునప్పటికి అగ్రకులముల పిల్లలు బడికి వచ్చుచుండిరి. ఎఱ్ఱగుంట్ల పేరయ్య యను మాదిగపెద్ద బాప్తిస్మము పొందినపిదప మాదిగపిల్లలును బడికి వచ్చిరి. వెంటనే పైకులములవారు తమ పిల్లలను మానిపించిరి. క్లౌ ఆ రాత్రి యొక గదిలోను, ఆయన భార్య యింకొక గదిలోను బైబిలు తెఱవఁగా నిరువురికిని కొరింథీయుల మొదటిలేఖలో నొక్కతావే కనఁబడెనని యాయన జీవితకథలో నున్నది. లోకమునఁ దృణీకరింపఁబడినవారినే దేవుఁ డెన్నుకొనెనను నర్థము గల తావది. మాదిగలను విడువరాదని వారు నిశ్చయించుకొనిరి. తరువాత మహాక్షామము వచ్చెను. బకింగుహాము కాలువ త్రవ్వకమునఁ బనియిప్పించుచున్న దినములలో, కూటికొఱకు వచ్చితిరను మాట రాకుండ బాప్తిస్మముల నాఁపి, క్షామము తీఱినపిదప 1878 జూలై 3వ తేదీని ఒక్కదినమున 2,222 మందికి బాప్తిస్మమిచ్చిరి.

ఈ సంఖ్యను బెక్కురు చెప్పుదురు. దాని వెనుకటి సంగతిని దక్కువమంది చెప్పుదురు. బాప్టిస్టు సంఘములలో మాదిగలు, గుంటూరు లూథరను సంఘములలో మాలలు హెచ్చుగాఁ జేరిరి. మాలపల్లెయు మాదిగపల్లెయుఁ బూర్వమునుండియు నొకరి నీరొకరు ముట్టనివి. మతము పల్లెపల్లెగా వచ్చుటచే నా కందకము పూడక, దానిపై సంఘముల పేరులు వెలసినవి. ఫిరంగిపురపు ప్రాంతమున రెడ్డి, కమ్మకులముల కాథలికులును గలరు. వారి యిండ్ల పెండ్లిండ్లు వారి కులములోనే జరుగుట యందఱెఱిఁగినదే. మతము మాఱినవానికిఁ గులము విడువకపోవుటకుఁ గారణము హిందువుల బలవంత మొక్కటియే యనుట పూర్తిసత్యము గాదు. వియ్యము కయ్యము సమానులతోనే యనునది తెలుఁగువాఁడు గుడివాకిటఁ జెప్పులతో విడిచిరాని పాఠము.

ఇంతవఱకుఁ గులము మాట. కులపరీక్ష చేసిన దొరల సంగతి యేమి? ఇచ్చట భాష్యమునందలి జాతిలక్షణమును స్మరింపవలసియున్నది. జాతి యనఁగా నాకృతిచే నెఱుఁగఁదగినది: గంగడోలును జూచి గోవని యెఱుఁగుదుము. కాని బ్రాహ్మణత్వాదులు ఆకృతిచేఁ దెలియవు. కావున భాష్యమున వేఱు లక్షణము చెప్పవలసివచ్చెను: ఒకమా ఱొకరు చెప్పఁగాఁ దరువాత గ్రహింపఁబడునది. ఎంత నిక్కమైన మాట! మన పల్లెలలోఁ గ్రొత్తవానిని "ఎవరయ్యా మీరు?" అని యడుగుట యందులకే. చెప్పినఁ గాని తెలియని జాతి మనది, చూచినంతఁ దెలియు జాతి తెల్లవానిది. ఆకృతిజాతి పాలించుచు నాఖ్యాతజాతిని విడువుమని బోధించుటలో నొక యిబ్బంది కలదు. మాలమాదిగలు కలసి భుజింపవలెనను దొర తన బంగళాలో బోధకునికి బల్లమీఁద స్థానమిచ్చెనా?

ఈ ప్రశ్నమును బహిరంగముగా నడిగినవాఁడు తిరునల్వేలి సీమలోఁ బుట్టి తెలుఁగుదేశమును గార్యక్షేత్రముగాఁ జేసికొన్న వేదనాయకం శామ్యూల్ అజరయ్య. 1910లో ఎడింబరోలోఁ గూడిన ప్రపంచ మిషనరీ మహాసభలో, ఎవరి త్యాగమును గొనియాడుచునే, మాకు మీ స్నేహము కావలెనని యాతఁడు కోరెను. సభలోఁ గొందఱు నొచ్చుకొనిరి. 1912లో నాతఁడు దోర్నకల్ బిషప్పయ్యెను. ఆంగ్లికను సంఘమున భారతీయుఁడు బిషప్పగుట యదియే ప్రథమము. 1945లో మరణించువఱకు మాలమాదిగల పల్లెలలో బండిమీఁదఁ దిరిగెను. నలుపుతెలుపుల భేదమునకును మన కులభేదమునకును గల చుట్టఱికమును దూరదేశమువా రొకరు ఈ గడ్డమీఁదనే గుర్తించిరి. 1959లో మార్టిన్ లూథర్ కింగు కేరళమున నొక బడికిఁ బోఁగా, నచ్చటి ప్రధానోపాధ్యాయుఁడు పిల్లలకు నాతనిని అమెరికాలోని యస్పృశ్యుఁడని పరిచయముచేసెను. మొదట మనసు చివుక్కుమన్నను, ఆలోచింపఁగా నా మాట నిజమని తోఁచినట్లు కింగు తరువాతఁ జెప్పెను. ఆయనయుఁ గ్రైస్తవబోధకుఁడే.

మరల మదనపల్లెకు వత్తము. ఊరికి దాపున నారోగ్యవరమను చోటఁ బెక్కు మిషనులు కూడి స్థాపించిన క్షయరోగశాల కలదు. 1912లో నారంభమై, 1915లో నిప్పటి తావునకు వచ్చినది. డేనిష్ మిషనరీ వైద్యుఁడు ఫ్రిమోట్ మొల్లరు దాని తొలి యధికారి. 1948లో భారతదేశమున బి.సి.జి. టీకా మొదటఁ బరీక్షింపఁబడినదియు మదనపల్లెయందే. ఇట్టి రోగశాలలలో రోగికి రోగికి వేఱు పాత్ర, వేఱు ఉమ్మితొట్టి యుండుట నియమము. పాత్రము వేఱుచేయుటకుఁ గులము గాక రోగము కారణమగుట యీ సీమవారు చూచిన క్రొత్తవింత. ఆ వేఱుపాటునకు గడువు కలదు. రోగము కుదిరినవాఁడు ఇంటికిఁ బోవును, పుట్టుక కుదురునది గాదు. అంతేకాదు, 1956లో మదరాసున నారంభించిన పరిశోధనవలన, మందులు సరిగాఁ బుచ్చుకొను క్షయరోగిని ఇంటనే యుంచి చికిత్స చేసినను ఇంటివారికి నదనపుటపాయము లేదని తేలినది. రోగమును గూర్చిన వేఱుపాటు పరీక్షకు నిలువక తొలఁగెను. పుట్టుకను గూర్చిన వేఱుపాటునకుఁ బరీక్ష పెట్టినవారెవ్వరు?

దీనికిఁ జేర్చి యొక చిన్న సంగతి. పందొమ్మిదవ శతాబ్దాంతమున నమెరికాలోఁ గ్షయాదిరోగముల భయముచేఁ గొన్ని సంఘములవారు ప్రభుభోజనమున నొక్క గిన్నెను మాని, తలకొక చిన్నగిన్నె నమర్చుకొనిరి. ఆ పద్ధతి మన సంఘములలోఁ బెక్కింటికిని వచ్చినది. ఆరోగ్యదృష్టిచే దానిని దప్పుపట్టఁజాలము. కాని గిన్నెయే పరీక్షగా నుండిన దేశమునఁ బరీక్ష యెవ్వరికిఁ దెలియకయే రద్దయినది. ప్రక్కవాని పెదవి సోఁకిన గిన్నెను నే నందుకొందునా యను ప్రశ్నమే యిప్పుడు పుట్టదు.

గుడివెలుపలనో ప్రశ్నము పుట్టుచునే యున్నది. 1985 జూలైలోఁ బ్రకాశంజిల్లా కారంచేడున మాదిగలు త్రాగు నీటిచెఱువులో నొక కమ్మయువకుఁడు గేదెలకుఁ గుడితి పెట్టిన బకెట్టును గడిగెను. అడ్డుపడిన బాలునిఁ గొట్టఁబోఁగా, నీటికి వచ్చిన యొక స్త్రీ తన బిందెను ఎత్తి నిలిచెను. మఱునాఁడు పల్లెపై దాడి జరిగి యాఱుగురు మాదిగలు హతులైరి. ఆ పల్లెవారిలోఁ బెక్కురు క్రైస్తవులు. కొట్టవచ్చినవారు వారిని మీరే మతస్థులని యడుగలేదు. బాప్తిస్మము తాత ముత్తాతలనాఁడే యైనను, ఆ యుదయమున వారు పాతపేరుననే నరకఁబడిరి.

అయితే ప్రభుత్వపుఁ బుస్తకమున నా పాతపేరు వారికిఁ జెల్లదు. గుఱ్ఱం జాషువ 1941లోఁ బ్రకటించిన గబ్బిలమున, గుడిలోనికిఁ దాను బోరానివాఁడు గబ్బిలముచేత శివునికి మొఱ పంపును. క్రైస్తవకుటుంబమునఁ బుట్టిన కవి తన నాయకునిఁ గ్రైస్తవుఁడుగాఁ జేయలేదేమని యడిగినవారు కలరు. అంటరానితనము మతమునకు ముందటిదని యాతని కనుభవమునఁ దెలిసియుండుటచేతనే యని నా యభిప్రాయము. చట్టమో దీనికి వ్యతిరిక్తముగాఁ బలికెను. 1950 ఆగస్టు 10వ తేదీని వెలువడిన రాష్ట్రపతి యుత్తరువున హిందూమతేతరుఁడు షెడ్యూల్డుకులమువాఁడు గాఁజాలఁడని యుండెను. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు సడలింపు కలిగెను, క్రైస్తవులకుఁ గలుగలేదు. 1985లో సూసై యను చెప్పులు కుట్టువాని వ్యాజ్యెమున, మతము మాఱినపిదపఁ గూడ నా యవస్థ యట్లే తీవ్రముగా నున్నట్లు సాక్ష్యము చూపవలెనని సుప్రీముకోర్టు నిర్ణయించెను. ఆంధ్రప్రదేశమున 1970లో నట్టివారిని వెనుకబడిన తరగతులలో 'సి' వర్గముగాఁ జేర్చి నూటి కొక పాలు కేటాయించిరి. కారంచేడువంటి ఘోరములపిదప 1989లో వచ్చిన యత్యాచారనిరోధకచట్టము షెడ్యూల్డు కులములవారికిని షెడ్యూల్డు తెగలవారికిని మాత్రమే రక్ష. 2007లో రంగనాథ మిశ్ర సంఘము మతనియమమును దొలఁగింపుమని సిఫారసు చేసెను. 2022లోఁ గేంద్రప్రభుత్వము బాలకృష్ణన్ సంఘమును నియమించెను. 2023 మార్చిలో నాంధ్రప్రదేశ శాసనసభ దళితక్రైస్తవులకు షెడ్యూల్డుకులహోదా యీయవలెనని తీర్మానించెను.

దీని ఫలమేమనఁగా ననేక కుటుంబములలోఁ గాగితమున నొక మతము, ఇంట నొక మతము. బడిలో నొక పేరు, గుడిలో నొక పేరు. అర్హతను 'పాత్రత' యనుచున్నాము గదా! కులము లేదని యొప్పుకొన్న సంఘమునఁ జేరినందునఁ గులబాధితునికిఁ బాత్రత పోయినది, కులము మాత్రము పోలేదు. మతమున సమానత్వము కలదని క్రైస్తవులు గట్టిగాఁ జెప్పినకొలఁది, ఆ మాటయే కోర్టులో వారి పేదలకు వ్యతిరేకసాక్ష్యమగుచున్నది. ఇట్టి చిక్కు నాకుఁ దెలిసిన శాస్త్రములలోఁ గానరాదు.

సంఘములు తమ లోపమును దామే యొప్పుకొనుట యిటీవలి విషయము. 2016 డిసెంబరులో భారత కాథలిక బిషప్పుల సమ్మేళనము వెలువరించిన విధానపత్రమున, 1 కోటి 90 లక్షల కాథలికులలో 1 కోటి 20 లక్షలు దళితులనియు, అంటరానితనము సంఘములోపలను గలదనియు వ్రాసికొనిరి. హైదరాబాదు ఆర్చిబిషప్పు పదవికి 2000లో మారంపూడి జోజి వచ్చుట దళితులలోఁ బ్రథమము. ఆ పీఠముననే యున్న కర్నూలుసీమవాఁడు పూల అంతోని 2022లోఁ గార్డినలయ్యెను. వంటయింటివఱకు రాని సమానత్వము పీఠమువఱకు వచ్చుట తక్కువదని నే ననను. కాని పంక్తిపరీక్షను బెట్టిన 1850నాఁటి సభవారు దీనిని జూచియుండినచో, ఇండ్లలోనికిఁ దొంగిచూచి, పెండ్లిపందిళ్లను లెక్కించి, మరల నొక తీర్మానము చేసియుందురు.

నా విద్యార్థి సంగతి మఱచితిని. ఆ ప్రశ్న వేసిన దినమునఁ బాఠము ముగిసినపిదప నాతఁడు మంచినీరడిగెను. నేనే లోపలికిఁ బోయి స్టీలులోటాతోఁ దెచ్చి యిచ్చితిని. త్రాగి, పెరటికుళాయియొద్దకుఁ బోయి, లోటాను దానే తోమి కడిగి గట్టుమీఁద బోర్లించి వచ్చెను. అట్లు చేయుమని యెవ్వరు ననలేదు. వలదని నేనును అనలేదు. మా యింట బ్రాహ్మణవిద్యార్థులు త్రాగిన లోటాలు అచ్చటనే విడిచి పోవుదురు.

ఆతఁ డిప్పుడొక కళాశాలలో సంస్కృతము చెప్పుచున్నాఁడు. పోయిన వేసవిలో వచ్చినపుడు, ఆ సూత్రము నెట్లు చెప్పుచున్నావని యడిగితిని. "దానికి మాత్రము రెండు పీరియడ్లు పట్టుచున్నదండి, పిల్లలు వదలరు" అనెను.